ఆ స్విచ్చి ఎవరు కట్టేశారు?

కువైట్‌లో కంప్యూటర్ తెలిసినవాడన్న పేరు ఒకసారి పడిందంటే ఇక శుక్రవారాలు మన చేతిలో ఉండవు. ఫహాహీల్, మంగఫ్, మహబూలా, ఎక్కడినుంచైనా ఫోన్ రావచ్చు. "అన్నా, వీటీ-ఎక్స్ లేదంటా ఉంది. కొత్త మిషనే కదా, మోసపోయినామా?" అని ఒక రాజంపేట కుర్రాడు. "ఏమండీ, మా వాడి పాఠాలకి లినక్స్ కావాలటండీ, ఎక్కిస్తుంటే ఏదో ఎర్రర్ వస్తోంది" అని ఒక గోదావరి ఆవిడ. వీళ్ళు కాక మూడో రకం వాళ్ళు ఒకరున్నారు, నాకు అసలు పట్టింపు వాళ్ళతోనే. ఇరవై ఏళ్ళ నాడు విజయవాడలోనో హైదరాబాదులోనో డీటీపీ చేయించిన పుస్తకం, సంఘం వాళ్ళ ఉగాది సావనీరు, నాన్నగారి కథల సంపుటి సీడీలో ఉంటాయి. ఇప్పటి కంప్యూటర్లో అవి తెరుచుకోవు. పాత విండోస్ ఎక్స్‌పీని కొత్త కంప్యూటర్ కడుపులో నడిపించి తెరవొచ్చని ఎవరో చెబుతారు. ప్రయత్నిస్తారు. "వర్చువలైజేషన్ లేదు" అని తెర మీద పడుతుంది.

చాలాసార్లు మిషన్లో లోపమేమీ ఉండదు. ఆ సామర్థ్యం చిప్పులోనే ఉంటుంది. దాన్ని ఎవరో కట్టేసి పంపించారు, లేదా ఇంకెవరో ముందే వాడేసుకుంటున్నారు. ఎవరు, ఎందుకు అన్నదానికి అరవై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే మరమ్మతు చాలావరకు తెలిసిపోయినట్టే. ఎందుకంటే తెర మీద కనిపించే ప్రతి ఎర్రరూ ఆ చరిత్రలో ఏదో ఒక ఏడాదికి చెందినదే.

ముందు ఈ వర్చువల్ మెషీన్ అంటే ఏమిటో మన ఫహాహీల్ భాషలో చెప్పుకుందాం. ఇక్కడ ఒక ఫ్లాటు తీసుకుని, మధ్యలో చెక్కలు కొట్టి, నాలుగు పార్టిషన్లు చేసి నలుగురు బ్యాచిలర్లకి ఇవ్వడం మనకి తెలిసిందే. ఎవడి పార్టిషన్ వాడికి సొంత ఇల్లే. కానీ నీళ్ళ వాల్వు, కరెంటు మీటరు, మెయిన్ తలుపు తాళం ఉమ్మడివి. వాటిని చూసుకునేవాడు బిల్డింగు హారిస్. కంప్యూటర్లో కూడా అంతే. ఒకే చిప్పు, ఒకే మెమరీ. వాటిలో పార్టిషన్లు కట్టి, ఒకదాంట్లో విండోస్ ఎక్స్‌పీని, ఇంకోదాంట్లో లినక్స్‌ని అద్దెకి పెట్టొచ్చు. ఒక్కొక్కటీ కంప్యూటరంతా తనదే అనుకుంటుంది. ఉమ్మడి సామాను కనిపెట్టే హారిస్ పేరు హైపర్‌వైజర్.

ఈ ఆలోచన ఇంటి కంప్యూటర్లది కాదు. అసలు ఇంటి కంప్యూటర్లే లేనప్పటిది. 1964 చివర్లో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో ఉన్న ఐబీఎం సైంటిఫిక్ సెంటర్లో రాబర్ట్ క్రీసీ బృందం సీపీ-40 అనే పని మొదలుపెట్టింది. గది నిండా ఉండే ఒక్క పెద్ద కంప్యూటర్‌ని పదిమంది వాడుకోవాలి. పదిమందికీ తలా కాస్త సమయం పంచడం ఒక పద్ధతి. వీళ్ళు ఇంకో అడుగు ముందుకు వేసి, ఒక్కొక్కరికీ మొత్తం కంప్యూటరే ఇచ్చినట్టు భ్రమ కల్పించారు. 1967 నాటికి అది రోజువారీ వాడకంలోకి వచ్చింది. ఐబీఎం పెద్దలు అధికారికంగా డబ్బు పోసింది వేరే పథకం మీద. ఈ పక్కదారి పనే నిలబడింది. సీపీ-67గా పెరిగి, 1972 ఆగస్టులో వీఎం/370 పేరుతో అసలు సరుకుగా బజారుకొచ్చింది.

దానికి రెండేళ్ళ తర్వాత, 1974లో, జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు ఒక వ్యాసంలో ఈ విద్యకి సూత్రం రాశారు. ఏ చిప్పు మీద పార్టిషన్లు సరిగా కట్టొచ్చు, ఏ చిప్పు మీద కట్టలేం అన్నదానికి పరీక్ష అది. హారిస్ భాషలో చెప్పాలంటే ఇంతే: ఉమ్మడి సామాను మీద చెయ్యి వేసే ప్రతి పనీ హారిస్ చెవిన పడాలి. అద్దెకున్నవాడు నీళ్ళ వాల్వు ముట్టుకుంటే గంట మోగాలి. మోగితే హారిస్ వచ్చి చూసి, వాడికి కావలసినట్టు సర్దుతాడు. మోగకుండా తిరిగే వాల్వు ఒక్కటి ఉన్నా ఆ కట్టడం నమ్మదగినది కాదు.

ఇంటెల్ చిప్పు ఆ పరీక్ష తప్పింది.

1985లో వచ్చిన 80386 చిప్పులో పాత డాస్ ప్రోగ్రాములకి విడిగా పార్టిషన్లు ఇచ్చే ఏర్పాటు ఒకటి ఉంది. విండోస్‌లో డాస్ కిటికీలు తెరుచుకున్నది దాని చలవే. కానీ అది పాత 8086 కోసం. తన లాంటి చిప్పునే తనలో పార్టిషన్‌గా ఇవ్వడం 386కి చేతకాలేదు. కొన్ని ఆదేశాలు గంట మోగించవు మరి. పాప్‌ఎఫ్ అనే ఆదేశం దీనికి పేరుమోసిన ఉదాహరణ. ఇంటరప్టులు ఆపమని అధికారం లేనివాడు ఆ ఆదేశం ఇస్తే చిప్పు ఆపదు, ఆపలేదని చెప్పదు కూడా. వాల్వు పిడి ఉత్తినే తిరుగుతుంది. నీళ్ళు ఆగిపోయాయని లోపలివాడు అనుకుంటాడు. హారిస్‌కి ఆ సంగతే తెలియదు. 2000లో జాన్ రాబిన్, సింథియా అర్వైన్ పెంటియం చిప్పు ఆదేశాలన్నీ జల్లెడ పట్టి, ఇలాంటివి 17 ఉన్నాయని లెక్క తేల్చారు.

ఆ లెక్క తేలేలోపే కొందరు ఉపాయం కనిపెట్టేశారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మెండెల్ రోసెన్‌బ్లమ్, ఆయన విద్యార్థులు ఎడ్వర్డ్ బూనియన్, స్కాట్ డివైన్ 1997లో డిస్కో అనే ప్రయోగం ప్రకటించారు. 1998లో డయాన్ గ్రీన్, ఎడ్వర్డ్ వాంగ్‌లతో కలిసి వీఎంవేర్ కంపెనీ పెట్టారు. 1999లో వచ్చిన వాళ్ళ వర్క్‌స్టేషన్, మామూలు పీసీ మీదే పార్టిషన్లు కట్టి చూపించింది. గంట లేని వాల్వులతో ఎలా నెగ్గుకొచ్చారు? లోపలివాడు చేయబోయే పనుల చీటీని హారిస్ ముందే చదివేస్తాడు. ప్రమాదమైన పని ఏదైనా ఉంటే దాన్ని కొట్టేసి, అదే ఫలితం ఇచ్చే ఇంకో పని రాసి చీటీ తిరిగిస్తాడు. దీనికి బైనరీ ట్రాన్స్‌లేషన్ అని పేరు. చిప్పు సాయం లేకుండా, కేవలం తెలివితో నడిచిన పద్ధతి. చిప్పులో చేతకానిదాన్ని సాఫ్ట్‌వేర్ భర్తీ చేసింది కాబట్టి ఆ రోజుల్లో బయాస్‌లో స్విచ్చి అనే ప్రశ్నే లేదు.

చిప్పులు చేసేవాళ్ళు ఊరుకుంటారా? 2005 నవంబరులో ఇంటెల్, తన పెంటియం 4 చిప్పుల్లో రెండింటికి, 662కీ 672కీ, వీటీ-ఎక్స్ జోడించింది. 2006 మేలో ఏఎండీ తన పద్ధతి తెచ్చింది. తయారీలో ఉన్నప్పుడు వీటికి పెట్టుకున్న ముద్దుపేర్లు వ్యాండర్‌పూల్, పసిఫికా. బిల్డరే వచ్చి వాల్వులకి గంటలు బిగించినట్టయింది. చిత్రమేమంటే మొదటి తరం గంటలు చాలా నెమ్మది. 2006లోనే వీఎంవేర్ ఇంజనీర్లు కీత్ ఆడమ్స్, ఓలే అగెసెన్ రెండిటినీ పోల్చి, చీటీలు తిరగరాసే పాత ఉపాయమే చాలా పనుల్లో వేగంగా ఉందని తేల్చారు. మెమరీ పంపకం కూడా చిప్పే చూసుకునే ఏర్పాటు ఏఎండీలో 2007లో, ఇంటెల్‌లో 2008లో వచ్చాకే హార్డ్‌వేర్ పద్ధతి పైచేయి సాధించింది.

స్విచ్చి కథ సరిగ్గా ఈ మధ్యకాలంలోనే మొదలవుతుంది.

2006 ఆగస్టులో లాస్ వేగస్‌లో బ్లాక్ హ్యాట్ అనే భద్రతా నిపుణుల సభ జరిగింది. పోలండ్‌కి చెందిన యోవానా రుట్కోవ్‌స్కా అక్కడ బ్లూ పిల్ అనే ప్రయోగం చూపించారు. నడుస్తున్న విండోస్ విస్టా కిందికి, ఏఎండీ కొత్త సౌకర్యాన్నే వాడుకుని, ఒక చిన్న హైపర్‌వైజర్ దూరుతుంది. ఆ క్షణం నుంచి విండోస్ తనకి తెలియకుండానే పార్టిషన్లో అద్దెకుంటుంది. ఇంటి ఓనరు నిద్రలో ఉండగా ఎవడో వచ్చి తనే హారిస్‌నని కూర్చున్నట్టు. అదే సభలో డీనో దాయ్ జోవీ, ఇంటెల్ చిప్పు మీద ఇలాంటిదే చూపించారు. అదే ఏడాది మొదట్లో మిచిగన్ విశ్వవిద్యాలయం, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి సబ్‌వర్ట్ పేరుతో ఈ ప్రమాదాన్నే రాసి ఉన్నారు. పైన కూర్చున్న యాంటీవైరస్‌కి కింద ఉన్న దొంగ ఎలా కనిపిస్తాడు?

ఈ భయానికి కంప్యూటర్ కంపెనీల దగ్గర మందు సిద్ధంగానే ఉంది. ఇంటెల్ చిప్పులో ఒక చిన్న రిజిస్టరు ఉంటుంది. మిషను లేవగానే బయాస్ అందులో వీటీ-ఎక్స్ ఉండాలో వద్దో రాసి, పక్కనే ఉన్న తాళం బిట్‌ని వేసేస్తుంది. ఒకసారి తాళం పడ్డాక, మిషన్ని మళ్ళీ మొదటినుంచి లేపేదాకా విండోస్ కూడా దాన్ని మార్చలేదు. భద్రత కోసం ఇది మంచి ఏర్పాటే. కానీ బయాస్ వద్దు అని రాసి తాళం వేస్తే, డబ్బిచ్చి కొన్న యజమానికి కూడా దారి ఉండదు. చాలా కంపెనీలు వద్దు అనే రాసి పంపాయి. కొన్ని బయాస్‌లో స్విచ్చి అయినా ఇచ్చాయి, కొన్ని అదీ ఇవ్వలేదు. సోనీ వయో ల్యాప్‌టాప్‌ల సంగతి 2009లో పెద్ద రచ్చయింది. చిప్పులో వీటీ ఉంది, పెట్టె మీద ఆ చిప్పు పేరుంది, వాడుకునే వీలు లేదు. దాన్ని తెరిచి ఉంచితే దుష్ట ప్రోగ్రాములు మిషను లోతుల్లోకి దిగిపోతాయని తమ ఇంజనీర్లు భయపడ్డారన్నది కంపెనీ ఇచ్చిన సమాధానం. బ్లూ పిల్ చూపించిన భయం మూడేళ్ళకి మన టేబుల్ మీదికి అలా వచ్చి చేరింది.

అదే 2009 అక్టోబరులో విండోస్ 7 వచ్చింది. పాత ప్రోగ్రాములు నడవవేమోనని జనం వెనకాడకుండా మైక్రోసాఫ్ట్ దాంతోపాటు ఎక్స్‌పీ మోడ్ ఇచ్చింది. విండోస్ 7 లోపల ఎక్స్‌పీ అన్నమాట. దానికి వీటీ ఉండి తీరాలన్నారు. ఇటు చూస్తే ఇంటెల్ చవక చిప్పులు కొన్నిటిలో వీటీనే పెట్టలేదు, పెట్టినచోట బయాస్ కట్టేసి ఉంది. జనం తిట్లు భరించలేక 2010 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఆ నిబంధనే ఎత్తేసింది.

అంతటితో కథ అయిపోతే ఫోన్లు వచ్చేవి కావు. తర్వాతి పదేళ్ళలో గాలి ఎదురు తిరిగింది. ఇళ్ళలో ఎక్కువమంది వాడే వర్చువల్‌బాక్స్, ఇన్నోటెక్ అనే జర్మన్ కంపెనీ నుంచి సన్‌కీ, అక్కడినుంచి ఒరాకిల్‌కీ చేతులు మారింది. 2019 డిసెంబరులో వచ్చిన 6.1తో అది చిప్పు సాయం లేకుండా నడిచే పాత పద్ధతిని పూర్తిగా తీసేసింది. ఇక స్విచ్చి వేసి ఉండాల్సిందే, తెలివితో నెట్టుకొచ్చే రోజులు పోయాయి.

2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చింది. కొత్త మిషన్లలో అది తానే ముందు హైపర్-వి అనే హారిస్‌ని కూర్చోబెట్టి, తన తాళాల గుత్తిని మిగతా విండోస్‌కి కూడా అందని పార్టిషన్లో దాచుకుంటుంది. విండోస్ అంతా ఒక హైపర్‌వైజర్ మీద అద్దెకుండటమే కదా 2006లో అందరూ భయపడింది! ఆ భయమే ఇప్పుడు కాపలా అయింది. బ్లూ పిల్ చూపించిన రుట్కోవ్‌స్కా కూడా తర్వాత క్యూబ్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కట్టారు. ఒక్కో పనికి ఒక్కో పార్టిషన్ ఇచ్చి, ఒకదాంట్లో దొంగ పడ్డా మిగతావి భద్రంగా ఉంచడం దాని పద్ధతి. కత్తి ఒకటే, పట్టిన చెయ్యి మారింది.

ఇప్పుడు మీ మిషన్ దగ్గరికి వద్దాం. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కండి. కింద వర్చువలైజేషన్ అన్న వరసలో డిజేబుల్డ్ అని ఉందా, ఎనేబుల్డ్ అని ఉందా చూడండి.

డిజేబుల్డ్ అని ఉంటే మీది 2006-2009 నాటి జబ్బు. బయాస్ కట్టేసింది. వర్చువల్‌బాక్స్ కొత్త మెషీన్ల జాబితాలో 64-బిట్ రకాలు కనిపించక 32-బిట్‌వే కనిపిస్తే అది కూడా చాలాసార్లు ఈ జబ్బు లక్షణమే. మిషను లేచేటప్పుడు ఎఫ్2, ఎఫ్10, డిలీట్ మీటల్లో మీ కంపెనీది ఏదైతే అది నొక్కి బయాస్‌లోకి వెళ్ళండి. ఇంటెల్ అయితే ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అనో వీటీ-ఎక్స్ అనో ఉంటుంది. ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది. ఆ పేరులో వర్చువలైజేషన్ అన్న మాటే కనపడదు కాబట్టి చాలామంది ముందునుంచే దాటిపోతారు. అది వేసి, సేవ్ చేసి, మిషన్ని రీస్టార్ట్‌తో సరిపెట్టకుండా ఒకసారి పూర్తిగా ఆపి, మళ్ళీ వేయండి. ఇందాక చెప్పుకున్న తాళం బిట్ గుర్తుంది కదా, పాత మిషన్లలో కొన్నిటికి కరెంటు పూర్తిగా తీస్తేగానీ అది వదలదు. ఇంకో జాగ్రత్త. మీ డిస్కుకి బిట్‌లాకర్ ఉంటే బయాస్ ముట్టుకున్నాక రికవరీ కీ అడగవచ్చు. అది ముందే కాగితం మీద రాసుకోండి.

సూక్ అల్ జుమాలోనో హవల్లి దుకాణాల్లోనో కొన్న సెకండ్ హ్యాండ్ ఆఫీసు మిషన్లది వేరే గొడవ. పాత ఆఫీసువాళ్ళు బయాస్‌కి పాస్‌వర్డ్ పెట్టి వదిలేసి ఉంటే స్విచ్చి కళ్ళకి కనపడుతుంది, చేతికి అందదు. అందుకే డబ్బిచ్చే ముందే దుకాణంలో బయాస్ తెరిపించి చూడాలి. కీబోర్డు, బ్యాటరీ చూసుకున్నట్టే ఇదీను.

ఎనేబుల్డ్ అని ఉండి కూడా వర్చువల్‌బాక్స్ మొరాయిస్తోందా? లేదా నడుస్తోంది గానీ కిటికీ కింద మూల ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తోందా? అయితే మీది 2021 నాటి జబ్బు. గంటల బోర్డు దగ్గర ముందే ఒక హారిస్ కూర్చున్నాడు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి అడుగున చూస్తే హైపర్‌వైజర్ కనిపించింది అన్న వాక్యం ఉంటుంది. విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వి, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫారమ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫారమ్ టిక్కులు తీయాలి. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆపాలి. తర్వాత రీస్టార్ట్. దీనికి మూల్యం ఉంది. విండోస్ కాపలా కొంత తగ్గుతుంది. డాకర్, విండోస్‌లో నడిచే లినక్స్ వాడేవాళ్ళ పని ఆగుతుంది. అందుకని ఫైళ్ళ పని అయ్యాక మళ్ళీ అన్నీ యథాస్థానంలో పెట్టేయండి. తాబేలుతోనే మీ పని జరిగిపోతుంటే అసలు ముట్టుకోకండి. ఒక కథల పుస్తకం తెరవడానికి తాబేలు నడక చాలు.

ఇంత శ్రమ దేనికి అంటే, మళ్ళీ ఆ సీడీల దగ్గరికే రావాలి.

తెలుగు లిపికి యూనికోడ్‌లో చోటు 1991లో మొదటి కూర్పుతోనే దొరికింది. మన ఇళ్ళకి మాత్రం అది విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో, 2001లో చేరింది. అచ్చు ప్రపంచానికి చేరడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా పత్రికలు, ప్రచురణకర్తలు, శుభలేఖలవాళ్ళు, అందరూ పేజ్‌మేకర్‌లో అను వంటి ఫాంట్లతో పని కానిచ్చారు. ఆ ఫాంట్లు చేసిన ఉపాయం కూడా ఒకరకంగా వీఎంవేర్ ఉపాయం లాంటిదే. కంప్యూటర్‌కి తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల గూళ్ళలో తలకట్లు, గుడులు, వొత్తులు ముక్కలుగా పెట్టి దాన్ని ఏమార్చారు. తెర మీద తెలుగే. ఫైల్లో ఉన్నది మాత్రం ఇంగ్లీషు గుర్తుల కలగూర. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే వేమన పద్యం కూడా పిచ్చిగీతలే.

ఆ పేజ్‌మేకర్ కూడా ఇప్పుడు లేదు. అడోబీ 2001లో ఇచ్చిన 7.0 చివరిది. దాని వారసుడు ఇన్‌డిజైన్ పాత పేజ్‌మేకర్ ఫైళ్ళని సీఎస్6 దాకా తెరిచి, తర్వాత మానేసింది. ఇంకా వెనక్కి వెళితే, విండోస్ 3.1 నాటి 16-బిట్ ప్రోగ్రాములు 64-బిట్ విండోస్‌లో అసలు లేవవు. 386లో డాస్‌కి ఇచ్చిన పార్టిషన్ గురించి ఇందాక చెప్పానే, చిప్పు 64-బిట్ రీతిలోకి వెళితే ఆ పార్టిషనే ఉండదు. విండోస్ 11కి 32-బిట్ రూపమే లేదు. అంటే 1990ల నుంచి దాదాపు రెండు దశాబ్దాలపాటు మనవాళ్ళు రాసి, అచ్చుకి పంపినదానిలో ఎంతో భాగం అచ్చుప్రతి పోతే ఇక ఆ ఫైల్లోనే ఉంది. ఆ ఫైలు పాత విండోస్‌లోనే నమ్మకంగా తెరుచుకుంటుంది. పాత విండోస్ ఈ స్విచ్చి వెనకాల ఉంది.

అందుకని ఎక్స్‌పీని లోపల ఎక్కించాక దానికి ఇంటర్నెట్ ఇవ్వకండి. దాని భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. పేజ్‌మేకర్, ఫాంట్లు ఎక్కించి ఫైలు తెరవండి. మొదట పేజీ ఎలా ఉందో అలా పీడీఎఫ్ తీయండి, అది సాక్ష్యం. తర్వాత కథనాన్ని టెక్స్ట్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, యూనికోడ్ మార్పిడి సాధనంలో వేయండి. ఇలాంటి మార్పిడికి మన తెలుగువాళ్ళు ఎప్పుడో నడుం కట్టారు. వెన్న నాగార్జున గారి పద్మ ఎంతమందికి ఎన్ని పాత పేజీలు చదివించిందో! మార్చాక మాత్రం పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ఒక మనిషి కూర్చుని అక్షరం అక్షరం చూడాలి. రావొత్తులు, అరుదైన సంయుక్తాక్షరాలు తప్పించుకుపోయేది అక్కడే.

అన్నీ ఈ దారిన దొరకవు. డాస్ రోజుల్లో సీ-డాక్ వాళ్ళ జిస్ట్ కార్డు ఉండేది. భారతీయ లిపుల తెలివంతా ఆ కార్డులోనే. పార్టిషన్ లోపల విండోస్ ఎక్కించగలం గానీ ఆ కార్డుని ఎక్కడ గుచ్చుతాం? ప్రింటర్ పోర్టుకి తగిలించే తాళంతో వచ్చిన సాఫ్ట్‌వేర్లదీ ఇదే బాధ.

ఇలాంటి చోట పనికొచ్చే ఇంకో దారి ఉంది. దానికి మంచి ఉదాహరణ మనం ఉంటున్న ఈ దేశంలోనే ఉంది. కువైట్‌కి చెందిన మొహమ్మద్ అల్ షారిఖ్ 1982లో అల్ ఆలమియా కంపెనీ పెట్టి, సఖ్ర్ పేరుతో అరబ్బీ ఇంటి కంప్యూటర్లు తెచ్చారు. సఖ్ర్ అంటే రాయి. యమహా వంటి జపాన్ కంపెనీలు చేసిన ఎమ్‌ఎస్‌ఎక్స్ మిషన్లకి అరబ్బీ కీబోర్డు, అరబ్బీ ఆదేశాలు పెట్టారు. గల్ఫ్‌లో ఒక తరం పిల్లలు మొదట ముట్టుకున్న కంప్యూటర్ అదే. 1990 ఆగస్టులో ఇరాక్ దండెత్తాక కంపెనీ కైరోకి తరలిపోయింది. అల్ షారిఖ్ 2024లో కన్నుమూశారు. ఆ మిషన్లు పాతసామాన్లయినా ఆ ప్రోగ్రాములు నేటికీ నడుస్తున్నాయి. ఓపెన్‌ఎమ్‌ఎస్‌ఎక్స్ వంటి ఎమ్యులేటర్లు సఖ్ర్ లోపలి జెడ్80 చిప్పు చేసే ప్రతి పనినీ సాఫ్ట్‌వేర్లో నటించి చూపిస్తాయి. దీనికి వీటీ అక్కర్లేదు, బయాస్ అక్కర్లేదు. అద్దెకివ్వడం కాదిది, లేని ఇంటిని బొమ్మగా మళ్ళీ కట్టడం. నెమ్మది, కానీ ఏ చిప్పు మీదైనా కట్టొచ్చు.

మనం కూడా చివరికి ఆ దారే పట్టాలి. 2020 నవంబరులో ఆపిల్ తన కంప్యూటర్లని ఇంటెల్ నుంచి సొంత ఎమ్1 చిప్పుకి మార్చడం మొదలుపెట్టింది. విండోస్ ల్యాప్‌టాప్‌లలో కూడా ఆర్మ్ రకం చిప్పులు పెరుగుతున్నాయి. వీటిలోనూ వర్చువలైజేషన్ ఉంది. కానీ అది తన జాతివాళ్ళకే అద్దెకిస్తుంది. ఇంటెల్ కోసం పుట్టిన ఎక్స్‌పీకి అక్కడ చోటు లేదు. ఫాబ్రిస్ బెల్లార్ 2003లో మొదలుపెట్టిన క్యూఎమూ లాంటి ఎమ్యులేటర్‌లో బొమ్మ ఇల్లు కట్టుకోవాల్సిందే. అంటే మన బయాస్‌లో ఉన్న ఆ స్విచ్చి కూడా కలకాలం ఉండేది కాదు. ఇంటెల్, ఏఎండీ మిషన్లు ఇళ్ళలో ఉన్నన్నాళ్ళే.

సీడీలు అంతకన్నా ముందే పోతాయి. ఇక్కడి ఎండల్లో కిటికీ పక్క డబ్బాలో పెట్టినవి మరీను. కొత్త ల్యాప్‌టాప్‌లకి సీడీ డ్రైవే ఉండటం లేదు. అందుకని వరస ఇదీ: ముందు యూఎస్‌బీ డ్రైవ్ సంపాదించి సీడీల నకళ్ళు తీయండి. ఫైళ్ళతోపాటు ఫాంట్లు కూడా ఉన్నాయో లేదో చూడండి. తర్వాత స్విచ్చి సంగతి. ఆ తర్వాత యూనికోడ్. ఒక్క సావనీరులోని కథలు, ఒక్క పెద్దాయన పద్యాలు, ఒక్క ఊరి చరిత్ర మారినా మారినట్టే. ఏ మిషన్లోనైనా, ఏ ఫోన్లోనైనా చదవగలిగే తెలుగుగా అవి మారిన రోజు, ఆ స్విచ్చి ఎవరు కట్టేసినా మనకి నష్టం లేదు.